దెయ్యాలంటే భయం లేదు, జాంబీ సినిమా పెడితే మాత్రం చేతులు చల్లబడిపోతున్నాయి, ఎందుకక్కా?

ఈ వారం మెయిల్ మన బెంగళూరు నుంచే, మారతహళ్ళి సైడు నుంచి వచ్చింది. రాసినమ్మాయికి 29 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో జాబ్, సొంతూరు ధర్మవరం దగ్గర ఒక పల్లె, పెళ్ళయి రెండేళ్ళు. పేరు వద్దంది, వేయట్లేదు. చాలా పెద్ద మెయిల్, నా మాటల్లో కుదించి చెప్తున్నా.

వాళ్ళాయనకి జాంబీ సినిమాలంటే పిచ్చి. ఈమధ్య శనివారం రాత్రయితే చాలు ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ దిగిపోతారు, హాల్లో గోడ మీదకి ప్రొజెక్టర్, కింద బిర్యానీ పార్సిళ్ళు, ఒకటే గోల. ఈమె కూడా కూర్చోవాలి, మధ్యలో లేస్తే "అప్పుడేనా" అని నవ్వుతారు. దెయ్యాల సినిమాలు ఈమెకి లెక్కే లేదు, చిన్నప్పుడు పల్లెలో అర్ధరాత్రి ఒక్కతే దొడ్లోకి పోయొచ్చిన మనిషి. కానీ రెండు నెలల కింద కొరియా వాళ్ళ 'ట్రైన్ టు బుసాన్' పెట్టారు. సినిమా సరిగ్గా మొదలవ్వకముందే చేతులు చల్లబడిపోయాయట. రక్తం చూసి కాదు, అసలప్పటికి రక్తమే లేదు. మొదట్లో ఒక అమ్మాయి కాలికి గాయంతో తూలుకుంటూ వచ్చి, తలుపులు మూసుకునే లోపల రైలెక్కేస్తుంది, ఎవరూ గమనించరు. అక్కడ.

అప్పట్నుంచి నిద్ర సరిగా లేదు. రాత్రికి మూడుసార్లు లేచి తలుపు గొళ్ళెం చూసుకుంటోంది. పొద్దున మెట్రోలో కేఆర్ పురం దగ్గర జనం తోసుకుంటూ ఎక్కుతుంటే అందరి చేతులూ మెడలూ వెతుకుతోంది, ఎవరైనా ఫుల్ హ్యాండ్స్ చొక్కా కాస్త కిందికి లాక్కుంటే గుండె దడదడ. వాళ్ళాయనకి చెప్తే "చిన్నపిల్లవా, అంతా మేకప్పే కదా, ఇంకో పది చూడు అదే పోతుంది" అన్నాడు. ఈమె అడిగింది మూడు: చచ్చిన శవాలు నడిస్తే మనుషులకి ఎందుకంత భయం, నాకే ఎందుకు ఇంత ఎక్కువ, చూసి చూసి అలవాటు చేసుకోవాలా మొత్తానికే మానేయాలా.

మెయిల్ చివర్లో "దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు గానీ" అని ఇంకో పేరా ఉంది. 2021 ఏప్రిల్ 27, రాత్రి 9 నుంచి కర్ణాటక అంతా లాక్‌డౌన్ అన్న రోజు. పీజీ ఖాళీ చేయమన్నారు, పొద్దున్నే ఒక షేరింగ్ కారు దొరికింది. ముందురోజు నుంచే గొంతు నొప్పి, ఒళ్ళు వెచ్చగా ఉంది. ఆంధ్రా బోర్డర్లో కొడికొండ చెక్‌పోస్టులో నుదుటికి జ్వరం చూసే గన్ పెట్టి చూస్తారని విని బాగేపల్లి దగ్గర టీ తాగేటప్పుడు జ్వరం మాత్ర, డోలో 650 ఒకటి వేసుకుంది. గన్‌లో ఏమీ రాలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 29న తాతకి జ్వరం మొదలైంది, మే 11న పోయాడు. ఈమె టెస్టు చేయించుకోలేదు, రెండ్రోజుల్లో తగ్గిపోయింది. ఈ మాట ఇంతవరకు అమ్మకీ తెలీదు, అవ్వకీ తెలీదు, కట్టుకున్నవాడికీ తెలీదు.

చెల్లీ, ముందు అడిగినదానికి చెప్తా, అడగకుండా చివర్లో పెట్టినదానికి తర్వాత వస్తా.

మన దెయ్యానికి ఒక కథ ఉంటుంది గమనించావా. ఎవడో మోసం చేసి ఉంటాడు, బావిలో తోసి ఉంటారు, దానికొక పగ. పగ తీరితే పోతుంది, లేదంటే వేపమండలు, ఆంజనేయ దండకం, నిమ్మకాయలు, ఏదో ఒక బేరం కుదురుతుంది. భేతాళుడినే చూడు, శవంలోనే ఉంటాడు, చెట్టుకి వేలాడుతుంటాడు, విక్రమార్కుడు భుజానేసుకుని నడుస్తుంటే కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు! అలాంటి శవాన్ని చూసి మనం చందమామ చదువుకుంటూ నిద్రపోయాం. మాట్లాడే శవం ఎంతైనా మన మనిషే. జాంబీకి మాట లేదు పగ లేదు, దానికి నువ్వు చేసిన అన్యాయం ఏమీ లేదు, నువ్వెవరో కూడా దానికి అక్కర్లేదు. ఆకలి ఒక్కటే. కాళ్ళు పట్టుకుని బతిమాలడానికి లోపల ఎవరూ లేరు కదా, మొదటి భయం అక్కడే పుడుతుంది.

రెండోది మొహం. 1970లో మసాహిరో మోరి అని జపాన్‌లో రోబోల ప్రొఫెసర్ ఒకాయన రాశాడు, బొమ్మ మనిషిలా అయ్యేకొద్దీ మనకి నచ్చుతూ పోతుందట, అచ్చం మనిషే అనిపించే ముందు ఒక్కచోట మాత్రం ఒళ్ళు జలదరిస్తుందట. మన సైట్ల ముందు కట్టే దిష్టిబొమ్మకి కోరలు, నాలుక, ఎన్నున్నా ఎవడూ భయపడడు, ఎందుకంటే అది మనిషిలా లేదు. బట్టల షాపు మూసేశాక లైటు తీసేసిన అద్దంలో నిలబడ్డ బొమ్మని చూడు, అప్పుడు తెలుస్తుంది. ఇక సినిమాలో అయితే అది తెలిసిన మొహం, పక్కింటాయనో సొంత నాన్నో, కళ్ళు మాత్రం నిన్ను గుర్తుపట్టవు.

మూడోది అసహ్యం. కుళ్ళు, చీము, ఎంగిలి చూస్తే కడుపులో తిప్పడం మన ఒంట్లో ఎప్పట్నుంచో ఉన్న అలారం, రోగం దగ్గరికి పోకుండా ఆపేది అదే. కాటుతో అంటుకోవడం అన్నది కూడా ఎవడో పూర్తిగా ఊహించిందేం కాదు, రేబీస్ ఉంది కదా, లాలాజలంలో వైరస్, కరిస్తే లోపలికి, లక్షణాలు మొదలయ్యాక ఇంచుమించు ఎవరూ బతకరు. (ఈ మాట వచ్చింది కాబట్టి అందరికీ చెప్తున్నా, మన లేఅవుట్లలో కుక్క పన్ను గీరినా సరే సబ్బుతో పదిహేను నిమిషాలు కుళాయి కింద కడిగి అదే రోజు టీకాకి పోండి, పసుపు కారం అంటించకండి.)

అసలు ఈ జాంబీ పుట్టింది కరీబియన్ సముద్రంలోని హైతీ దేశంలో. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి చెరుకు తోటల్లో బానిసలుగా చాకిరీ చేయించిన మనుషులు, 1804లో ఫ్రెంచి వాళ్ళని వెళ్ళగొట్టి స్వతంత్రం తెచ్చుకున్నారు. వాళ్ళ కథల్లో జాంబీ కరవదు, తినదు. మంత్రగాడు లేపిన శవం అది, వాడు చెప్పిన పని చేస్తూనే ఉంటుంది. చచ్చాకైనా చాకిరీ తప్పుతుందనుకుంటే అదీ తప్పకపోతే? వాళ్ళకి జాంబీ మీద పడుతుందని కాదు భయం, తామే జాంబీ అయిపోతామని. 1932లో హాలీవుడ్ దాన్ని సినిమాగా తీసింది, తర్వాత 1968లో జార్జ్ రొమేరో అనే ఆయన మనం ఇప్పుడు చూసే రకాన్ని తయారుచేశాడు, గుంపులుగా వచ్చి మనుషుల్ని తినడం, ఒక ఇంట్లో ఇరుక్కుపోయిన జనం. ఆ సినిమాలో జాంబీ అన్న మాటే ఎక్కడా రాదు. అవి నడిచేవి, 2002లో వచ్చిన బ్రిటన్ సినిమా ఒకదానిలో పరిగెత్తుతాయి, అందులో అసలు శవాలే కావు, వైరస్ సోకిన బతికున్న మనుషులు. చూశావా, మంత్రం నుంచి మొదలై వైరస్ దగ్గరికి వచ్చి ఆగింది కథ.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇలాంటి ఏ సినిమాలో అయినా అసలు టెన్షన్ బయట గుంపుది కాదు, లోపల తలుపేసుకున్న గదిలోది. పదిమంది ఉంటారు, అందులో ఒకడికి కాటు పడి ఉంటుంది, వాడు చొక్కా చేయి కిందికి లాగేసుకుంటాడు. థియేటర్ మొత్తం వాణ్ణి తిడుతుంది, చెప్పొచ్చు కదరా దరిద్రుడా అని. మీ హాల్లో కూడా అందరూ తిట్టే ఉంటారు, బిర్యానీ నములుకుంటూ. నువ్వు తిట్టలేకపోయావు.

నువ్వే ఇంకో ముక్క రాశావు, బహుశా గమనించలేదు. 2021 ఫిబ్రవరిలో 'జాంబీ రెడ్డి' రిలీజ్ అయితే పీజీ ఫ్రెండ్స్‌తో పోయి చూశానని, కర్నూలు యాస విని పడీపడీ నవ్వామని. అంటే ఫిబ్రవరిలో నవ్వావు. అప్పటికి కూడా కాట్లున్నాయి, రక్తం ఉంది, గుంపులున్నాయి. తర్వాత ఈ 'ట్రైన్ టు బుసాన్' దాకా ఒక్క జాంబీ సినిమా చూడలేదు, చూసిన మొదటిదానికే ఇట్లా అయింది. ఆ రెంటికీ మధ్యలో ఒక ఏప్రిల్ ఉంది, కొడికొండ చెక్‌పోస్టు ఉంది. గాయం కప్పుకుని రైలెక్కిన అమ్మాయిని చూసి నీ చేతులు చల్లబడ్డాయంటే నువ్వు జాంబీని చూసి భయపడలేదు. ఆ అమ్మాయిలో నిన్ను నువ్వు చూసుకున్నావు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అని మనం ఎగతాళిగా అంటాం. కాయ ఎత్తుకోని వాడు కూడా తడుముకుంటాడు, ఆ దారిన పోయి ఉంటే చాలు. అది మాత్రం సామెతలో లేదు.

నువ్వు అంటించావా లేదా? నాకు తెలీదు, నీకూ తెలీదు, టెస్టు లేదు కాబట్టి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. "ఛ, నీ వల్ల కాదులే" అని నేను ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ రాత్రికి పడుకుంటావు, రేపు మళ్ళీ అదే లెక్క వేసుకుంటావు, అందుకే నువ్విచ్చిన తేదీలే పెట్టుకుని చూద్దాం. నువ్వు ఇల్లు చేరింది 27 మధ్యాహ్నం, తాతకి జ్వరం 29న. ఆ సెకండ్ వేవ్‌లో తిరిగిన డెల్టా రకానికి అంటుకున్నాక లక్షణాలు కనపడటానికి సగటున నాలుగైదు రోజులు పట్టేది. రెండు రోజుల్లో రాదని కాదు, కొందరికి వచ్చింది, కానీ మామూలుగా అంత తొందరగా కాదు. నువ్వే రాశావు, అంతకు ముందు వారం తాత పక్క ఊళ్ళో పెళ్ళికి పోయి రెండ్రోజులు ఉండొచ్చాడని, ఆ పెళ్ళికి పోయిన ఇంకో ఇద్దరు మంచాన పడ్డారని. ఈ లైను నీ మెయిల్‌లో ఎంత చిన్నదో తెలుసా, సగం లైను. డోలో గురించి మాత్రం ఎనిమిది లైన్లు, ఏ టీ బంకు, గ్లాసు వేడికి చెయ్యి కాలింది, అట్టలో ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయి, అన్నీ ఉన్నాయి. కోర్టులో అయితే ఇలాంటి వకీలుని పెట్టుకున్నవాడు ఓడిపోతాడమ్మా.

అలాగని మాత్ర వేసుకుని దాచడం కరెక్టే అనను, నీకూ అనిపించట్లేదు కదా. పాతికేళ్ళ పిల్ల, పీజీ వాళ్ళు గెంటేస్తున్నారు, చెక్‌పోస్టులో ఆపేస్తే ఎక్కడికి పోవాలో తెలీదు, ఆ భయంలో చేసింది. చేసిన తప్పు ఒళ్ళు వెచ్చగా ఉందన్న మాట చెప్పకపోవడం. తాత పోవడం వేరు. రెండిటినీ ఒకే మూటలో కట్టి ఇన్నాళ్ళూ మోస్తున్నావు, విడదీస్తే మొదటిది నీదే, రెండోది నీదని రుజువు లేదు.

ఇప్పుడేం చేయొచ్చు. నీ ముందు కొన్ని దారులున్నాయి, ఏదీ ఊరికే రాదు.

సినిమాలు మానేయడం అన్నిటికంటే తేలిక. శనివారం లోపలి గదిలో తలుపేసుకుని పడుకో, లేదా ఆ రోజు ఫ్రెండ్ ఇంటికి పో. నిద్ర కొంత కుదురుతుంది, నేనైతే ఒక నెల రోజులు కచ్చితంగా ఇదే చేయమంటా. కానీ సినిమా మానేస్తే మెట్రో మానలేవు కదా, జనం చొక్కా చేతులు వెతకడం అక్కడ మొదలైంది కాబట్టి దీనితో అంతా పోతుందనుకోకు.

మీ ఆయన చెప్పినట్టు ఇంకో పది చూడటం. ఆయన మాటలో పూర్తిగా అబద్ధం లేదు, భయపడేదాన్ని కొద్దికొద్దిగా చూస్తూ పోతే భయం తగ్గుతుందని డాక్టర్లూ అంటారు, చికిత్సలోనూ అలా చేస్తారు. కాకపోతే అక్కడ ఎంత చూడాలి ఎప్పుడు ఆపాలి అన్నది భయపడే మనిషి చేతిలో ఉంటుంది. నలుగురు నవ్వుతుంటే మధ్యలో బిగుసుకుని కూర్చోవడం చికిత్స కాదు, ర్యాగింగ్. చూడాలనుకుంటే ఆదివారం పగలు, కిటికీ తెరిచి, ఫోన్ అంత స్క్రీన్‌లో, సౌండ్ తీసేసి, రిమోట్ నీ చేతిలో పెట్టుకుని చూడు. మేకప్ ఎలా వేశారో చూపించే వీడియోలతో మొదలుపెట్టినా మంచిదే. ఇంకో మాట, 2021లో అమెరికా, డెన్మార్క్ పరిశోధకులు ఒక పేపర్ వేశారు, హారర్ సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళు కోవిడ్ టైంలో మానసికంగా కాస్త గట్టిగా నిలబడ్డారని, జాంబీ సినిమాలు చూసేవాళ్ళు ముందే కొంత సిద్ధంగా ఉన్నట్టు చెప్పారని. మీ ఆయన ఎక్కడో చదివి నీకు చూపిస్తాడు, ఖాయం. చూడటం వల్ల గట్టిపడ్డారా, గట్టివాళ్ళే అవి చూస్తారా అన్నది ఆ లెక్కలో తేలదు అని చెప్పు.

పొరపాటున చూసేసి ఆ సీను కళ్ళ ముందు తిరుగుతుంటే ఒక చిట్కా. 2009లో ఇంగ్లాండ్‌లో ఒక ప్రయోగం చేశారు, ఘోరమైన వీడియో చూపించి కాసేపయ్యాక కొందరితో టెట్రిస్ ఆడించారు, ఆ తర్వాత వారం వాళ్ళకి ఆ దృశ్యాలు తక్కువసార్లు గుర్తొచ్చాయి. కంటికీ చేతికీ పని ఉంటే ఆ బొమ్మ గట్టిగా అతుక్కోదట. నాకు టెట్రిస్ రాదు, నేను నోట్‌బుక్‌లో పదిహేను చుక్కల ముగ్గు వేస్తా, పనిచేస్తుందని ఏ ప్రొఫెసరూ చెప్పలేదు, నా మటుకు నాకు పనిచేసింది.

అసలు కష్టమైన దారి చెప్పడం. ఎవరికి అన్నదే ప్రశ్న. మీ ఆయనకి హాల్లో ఉన్న తాత ఫోటో తెలుసు, కథ తెలీదు. ఆయనకి నువ్వు మేకప్‌కి భయపడే మనిషివి అంతే, అందుకే నవ్వుతున్నాడు, నవ్వేవాడిని నేను పెద్దగా తప్పుపట్టను, సగం తెలిసినవాడు సగమే అర్థం చేసుకుంటాడు. చెప్తే శనివారాలు వాటంతటవే మారిపోవచ్చు. లేదా "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు" అని రెండ్రోజులు ముభావంగా ఉండొచ్చు, దానికి సిద్ధపడు. ఫ్రెండ్స్ ఉన్నప్పుడు వద్దు, పడుకునే ముందూ వద్దు, ఏ ఆదివారం సాయంత్రమో వర్తూరు చెరువు వైపు నడుస్తూ చెప్పు, నడుస్తుంటే మొహం చూడక్కర్లేదు, మాట సులువుగా వస్తుంది.

అమ్మకి చెప్పడం వేరే లెక్క. అమ్మ ఏడవచ్చు, "పిచ్చిదానా, ఊరంతా దగ్గుతుంటే" అని కొట్టిపారేయొచ్చు, లేదా ఆవిడకి అప్పుడే అనుమానం వచ్చి నోరు మూసుకుని ఉండొచ్చు, తల్లులు అలాంటివి చేస్తారు. కానీ చెప్పాక అది నీ చేతిలో ఉండదు, అమ్మ నుంచి పిన్నికి, పిన్ని నుంచి ఊరికి పోవచ్చు. అవ్వకి ఎనభై దాటాయన్నావు. ఆవిడకి చెప్తే నీ బరువు దిగుతుందేమో, ఆవిడ మిగిలిన రోజులకి ఒక బరువు ఎక్కుతుందేమో, అది నీకోసమా ఆవిడకోసమా అని ముందు ఆలోచించుకో. నా అభిప్రాయం అడిగితే అవ్వకి వద్దు, అమ్మ సంగతి మీ ఆయనకి చెప్పాక నిదానంగా. నీకు వేరేలా అనిపిస్తే నీ మాటే నెగ్గాలి, వాళ్ళని నేను చూడలేదు.

ఏడాదికోసారి తాత తద్దినానికి ఆఫీసులో రిలీజ్ ఉందని వంక చెప్పి ఎగ్గొడుతున్నానని రాశావు. అన్నేళ్ళూ అదే వారంలో రిలీజ్ ఉండే కంపెనీ ఏదో నాకూ చెప్పు. ఎవరికీ ఏమీ చెప్పకపోయినా సరే, ఈసారి పో. పోయి వంటింట్లో కూర్చుని గారెల పప్పు రుబ్బు చాలు. పోతే ఆ రెండ్రోజులు కష్టంగా ఉంటుంది, పోకపోతే ఏడాది పొడవునా ఇలాగే ఉంటుంది.

ఇంట్లోవాళ్ళ కంటే ముందు బయటి మనిషికి చెప్పుకోవడం మేలనిపిస్తే అదీ మంచి దారే. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఫోన్ ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, పిచ్చాసుపత్రి అని మన పెద్దవాళ్ళు భయపెట్టేవాళ్ళు, ఆ మాట పట్టించుకోకు, నిద్రపట్టని వాళ్ళు, దిగులు మోసేవాళ్ళు రోజూ ఎంతమంది పోతుంటారో. నిద్ర ఇలాగే ఇంకో రెండు మూడు వారాలు పట్టకపోయినా, మెట్రో ఎక్కలేక ఆఫీసు మానేసే దాకా వచ్చినా ఇక ఆలోచించకుండా పో. కౌన్సెలింగ్‌కి పోతే ఒక్క సిట్టింగ్‌లో తేలదు, నాలుగైదుసార్లు సెలవు పెట్టాల్సి రావచ్చు, ముందే చెప్తున్నా.

ఇంక గొళ్ళెం సంగతి. పడుకునే ముందు ఒకసారి నువ్వే చూసుకో, గట్టిగా లాగి చూడు, "వేశాను" అని పైకి అను. అర్ధరాత్రి మళ్ళీ అనుమానం వస్తే నువ్వు లేవకు, మీ ఆయన్ని లేపు, ఆయన పోయి చూసొస్తాడు. సినిమా పెట్టింది ఆయనే కదా.